లీటరుకి ఎంతిస్తోందని అడిగారు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం కులాసా అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఆ కులాసా ఏపాటిదో ఉత్తరం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. మీరు పనిచేసే సొరంగంలో దుమ్ముకి దగ్గు మళ్ళీ పట్టుకుందని రాశారు. పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్ళు తాగండి, మెడకి మఫ్లరు చుట్టుకోండి. మీ క్యాంపు రేషను లారీ డ్రైవరు చేత ఈ ఉత్తరంతో పాటు మీ పాత స్వెట్టరు కూడా పంపుతున్నాను. నా అక్షరాలు చూసి కళ్ళజోడు తుడుచుకోకండి, తప్పు కళ్ళజోడుది కాదు. ఇవాళ నా రాత ఇలాగే ఉంటుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు ఉండేసరికి చిట్టీ నేనూ పండగ చేసుకున్నాం. తీరా చూస్తే అందులో మూడున్నర పేజీలు కారు గురించే. మిగిలిన అరపేజీలో మీ దగ్గు, అక్కడి వానలు, మీ పెద్ద ఇంజనీరు గొప్పలు. అమ్మాయి ఎలా ఉంది, ఉద్యోగం ఎలా ఉంది అని ఒక్క ముక్క లేదు. నా సంగతి సరే, అడక్కపోయినా నేను చెబుతానని మీ ధీమా. కానీ అది మీ ఉత్తరం కోసం లారీ హారను వినబడితే చాలు వీధి గుమ్మంలోకి పరిగెత్తే పిల్ల. ఉత్తరం చదివి, మడిచి, "నాన్న టైర్ల గాలి గురించి అడిగారమ్మా" అని లేచి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ మంట చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. "లీటరుకి ఇప్పుడు ఎంతిస్తోంది" అన్న ప్రశ్న ఒక్కటి మాత్రం ఆఖరికి వదిలేస్తున్నాను. ముందే చూసేద్దామని కాగితం తిప్పకండి. మీ అలవాటు నాకు తెలుసు.

టైర్లలో గాలి కొట్టిస్తున్నారా అన్నారు. కొట్టిస్తోంది, ప్రతి ఆదివారం. "కంపెనీవాడు చెప్పినదానికన్నా కాస్త ఎక్కువే ఉండనీ, బండి జారుకుంటూ పోతుంది" అని అంతకుముందు ఉత్తరంలో రాశారు కదా, అలాగే కాస్త ఎక్కువే కొట్టిస్తోంది. నిజంగానే జారుకుంటూ పోతోంది. అరచెయ్యంత గుంటలో పడినా నా నడుం వేరు, నేను వేరు అయిపోతున్నాం. తడి రోడ్డు మీద బండి ఎటు పోతుందో బండికే తెలియదు.

డిక్కీలో అనవసరపు బరువు తీసేశారా అన్నారు. తీసేసింది. మీ మాట దానికి వేదవాక్కు. పాత గొడుగులు, నా నీళ్ళ క్యాను, దుప్పటి తీసేసింది. అవన్నీ తీసినా, లీటరుకి ఎంతిస్తోందో చూపించే మీటరు మీద అంకె కదల్లేదని స్టెప్నీ టైరు కూడా దింపి మెట్ల కింద పెట్టింది. జాకీ కూడా దింపింది. సరిగ్గా ఆ మర్నాడే బైపాసు రోడ్డు మీద పంక్చరు. చేతిలో ల్యాబుకి చేర్చాల్సిన రక్తం సీసాల పెట్టె, నెత్తిన ఎండ, టైరు మెట్ల కింద. పెట్టె చంకన పెట్టుకుని నడిచి, ఎవరో లారీ ఆపితే ఎక్కి ల్యాబుకి వెళ్ళింది. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

ఏసీ వాడుతున్నారా అన్నారు. లేదండీ, వాడటంలేదు. కిటికీలు తీస్తే గాలి లోపలికి కొట్టి బండిని వెనక్కి లాగుతుందని కూడా మీరే రాశారు కాబట్టి అవీ తీయటంలేదు. మండుటెండలో, కిటికీలు బిగించుకుని, ఏసీ లేకుండా మీ కూతురు ఈ ఊళ్ళో తిరుగుతోంది. మనిషిని ఆవిరి మీద ఉడికించే పద్ధతి అది. అది చేసే పనేమిటో మీకోసారి గుర్తు చేస్తాను. లేవలేని ముసలివాళ్ళ ఇళ్ళకీ మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి, రక్తం తీసి, చల్లటి పెట్టెలో పెట్టి ల్యాబుకి చేరుస్తుంది. పెట్టెలో మంచు గడ్డలు ఉంటాయి గానీ ఆ ఉడుకుకి అవెంతసేపు ఆగుతాయి? ఒకరోజు తెచ్చినవన్నీ వేడెక్కి పాడయ్యాయి. ల్యాబు మేడం ఫోను చేసి, "ఏంటమ్మా ఇది, పెట్టె ఎండలో పెట్టావా?" అని అడిగింది. పెద్దాసుపత్రి వెనక సందులో ఒక తాతగారున్నారు, నరం దొరకడం చాలా కష్టం. ఆయనకి మళ్ళీ సూది గుచ్చాల్సొచ్చింది. ఆయన విసుక్కోలేదట. "మళ్ళీ వచ్చావా తల్లీ, మంచిదే" అన్నారట. ఆ మాట చెబుతూ అది కళ్ళు తుడుచుకుంది. ఆ ఏసీ ఆపి మిగిల్చిన పెట్రోలెంతో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

క్లచ్చి మీద కాలు ఆనించి నడుపుతోందా అన్నారు. దాని కాళ్ళకేసి చూస్తూ కూర్చోవడానికి నేనేమన్నా చెప్పుల కొట్టులో పనిచేస్తున్నానా?

ఇప్పుడు మీ ఇరవై రెండు సంగతి. "నా చేతిలో ఇదే బండి లీటరుకి ఇరవై రెండు ఇచ్చింది, దాని చేతిలో పదిహేడు ఎందుకిస్తోంది" అని గీత గీసి మరీ రాశారు. ఆ ఇరవై రెండు వచ్చిన ప్రయాణంలో పక్క సీట్లో ఉన్నది నేనే. మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళాం. తెల్లారకుండానే బయలుదేరదీశారు, రోడ్డు మీద పిట్ట లేదు. బరువని నా పెట్టె గుమ్మంలోనే దింపించారు, చేతిసంచిలో పట్టినన్ని బట్టలతో పెళ్ళికి వెళ్ళాను. దాహం వేస్తోందంటే బండి ఆపలేదు. ఆపి మళ్ళీ కదిలిస్తే పెట్రోలు తాగుతుందన్నారు. నేను తాగకపోయినా ఫరవాలేదు, బండి మాత్రం తాగకూడదు. దారి పొడుగునా ఐదో గేరులో, ఒకే వేగంలో, వెనకనుంచి గాలి తోస్తుంటే పోయాం. అలా పోతే ఇరవై రెండు కాక ఏమొస్తుంది? పెళ్ళిలో కనబడిన ప్రతివాడికీ ఆ అంకె చెప్పారు. పెళ్ళికొడుక్కి కూడా చెప్పారు. అతను పీటల మీద కూర్చుని ఉన్నాడని కూడా చూడలేదు.

చిట్టి అలాగా తిరిగేది? ఒక సందు, ఇంకో సందు, నాలుగు నిమిషాలు బండి, పదిహేను నిమిషాలు ఆపు. ఇంజను వేడెక్కేలోపే ఇంకో ఇంటి గుమ్మం వస్తుంది. మధ్యలో బడి పిల్లలు, సిగ్నళ్ళు, అడ్డంగా ఆపిన ఆటోలు. మొదటి గేరు, రెండో గేరు, బ్రేకు, మళ్ళీ మొదటి గేరు. దానికి పదిహేడు రావడమే గొప్ప. కంపెనీవాడు వేసిన ఇరవై అయిదు చూపించి కొట్టువాడు మీకు బండి అంటగట్టాడు. మీరు ఒక్క ఖాళీ రోడ్డు చూసుకుని ఇరవై రెండు తెచ్చుకున్నారు. మీ ఇద్దరి గొప్పలూ కలిసి ఆ పిల్ల నెత్తిన కూర్చున్నాయి.

ఇంకో మాట. మీ ఉత్తరంలోనే రాశారు, మీ పెద్ద ఇంజనీరు భోజనం చేసినంతసేపూ ఆయన జీపు బయట ఇంజను ఆపకుండా నిలబడుతుందని, ఎక్కేసరికి లోపల చల్లగా ఉండాలని. "ఎంత పెట్రోలు దండగో చూడు" అని వాపోయారు. మరి ఆయనకి చెప్పారా? చెప్పరు. ఆయన ముందు మీకు నోరు పెగలదు. పెగలని ఆ నోరంతా నాలుగు పేజీలై ఇక్కడికొచ్చి కూతురి మీద పడింది. మీరు ఎదురుగా ఉంటే ఇది మొహం మీదే అనేదాన్ని. ఉన్నా అనేదాన్నో లేదో గానీ, రాయడానికి మాత్రం నాకేం భయంలేదు.

సరే. ఇక్కడిదాకా కోపంతో రాశాను. ఇకమీదటిది రాయడానికే అసలు కూర్చున్నాను. మీకు చెప్పనని చిట్టికి మాటిచ్చాను. ఆ మాట తప్పుతున్నాను. ఫోనులో చెబుదామంటే మీరు కొండెక్కితే గానీ మీకు సిగ్నలు రాదు, వచ్చినప్పుడు అది పక్కనే ఉంటుంది.

కిందటి నెల కళ్ళ డాక్టరు దగ్గరికి నన్ను చిట్టే తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం, సన్నగా తుంపర. వాటర్ ట్యాంకు దగ్గర్నుంచి బేకరీ మలుపుదాకా ఆ పెద్ద దిగుడు ఉంది కదా. దిగుడు వస్తే ఇంజను ఆపేసి బండిని దానంతటదే పోనివ్వడం మీరు దానికి నేర్పిన విద్య. మీ నాన్నగారు పాత కారులో చేసేవారని మీరూ చేశారు, మీరు చేస్తారని అదీ చేస్తోంది. ఇంజను ఆపి, తాళాన్ని మళ్ళీ ఒక మెట్టు తిప్పి, మీటరు మాత్రం వెలిగేలా ఉంచుతుంది. ఆ అంకె చూసుకోవడానికి. "అమ్మా, చూడు చూడు, ఇరవై ఒకటీ పాయింట్ ఎనిమిది!" అంది. ఆ అంకె చూసినప్పుడు దాని మొహం చిన్నప్పుడు మీరు సైకిలు వదిలేస్తే ఒంటరిగా తొక్కిన రోజున ఎలా ఉందో అలా ఉంది. రోజంతా ఎంత జాగ్రత్తగా నడిపితే అంత వచ్చిందో.

మలుపులో గొడుగేసుకుని ఒకావిడ రోడ్డు దాటుతోంది. చిట్టి బ్రేకు తొక్కింది, పట్టింది, వదిలి మళ్ళీ తొక్కింది. ఈసారి పెడలు రాయిలా బిగిసిపోయింది. "అమ్మా, దిగటంలేదు!" అని అరిచింది. స్టీరింగు కూడా బిగిసింది. ఇంజను లేకపోతే ఆ రెండూ మన బలం మీదే తిరగాలట, నాకేం తెలుసు అప్పుడు? రెండు చేతులతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. గొడుగావిడకి ఏమీ కాలేదు. తడి మీద టైర్లు జారి, బండి వెళ్ళి బేకరీ మెట్లకి కొట్టుకుంది.

కంగారుపడకండి. చిట్టికి దెబ్బ తగల్లేదు. బెల్టు నన్ను పట్టుకుంది గానీ నేను ఊరుకుంటానా, చెయ్యి ముందుకి పెట్టాను. కుడి మణికట్టు విరిగింది. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను. మొదటి పేజీ నుంచీ మీకు అర్థంకాని అక్షరాలకి కారణం అది.

అప్పుడు చిట్టిని మీరు చూడాల్సింది. నా చెయ్యి చూడగానే దాని మొహం తెల్లబోయింది, అయినా చేతులు వణకలేదు. బేకరీవాడి కేకుల డబ్బా అట్ట చింపి, తన సంచిలోంచి దూదీ ప్లాస్టరూ తీసి, నా చెయ్యి కదలకుండా కట్టేసింది. ఆసుపత్రి డాక్టరు "ఎవరమ్మా ఈ కట్టు కట్టింది, భలే కట్టారే" అన్నాడు. కట్టడం అయిపోయాక, ఆ బేకరీ మెట్ల మీద కూర్చున్నాక మొదలైంది వణుకు. పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నా భుజం మీద తల పెట్టుకుని ఒకటే మాట.

"నాన్నకి చెప్పకమ్మా. ఇంటికెళ్ళేసరికి ఇరవై రెండు దాటేది."

అమ్మ చెయ్యి విరిగింది, తను చావు తప్పి బయటపడింది, ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది. నేను ఈ నెలంతా అన్నం తిన్నా, నిద్రపోయినా ఆ మాటే వినబడుతోంది. మీకు కూడా వినబడాలని రాస్తున్నాను.

చెయ్యి కట్టుకుని ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు, కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చదివాను. దాని ప్లాస్టిక్ కవరు కూడా మీరు చింపలేదు. దిగుడులో ఇంజను ఆపొద్దని అందులో పెద్ద అక్షరాల్లో ఉంది. అదొక్కటే అయితే బాగుండేది. గేరులోనే ఉంచి, యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే, ఈ కాలపు బండ్లలో దిగుడు పొడుగునా పెట్రోలు దానంతటదే ఆగిపోతుందట! అంటే మీ ఇంటి విద్య వల్ల ఇన్నాళ్ళూ మిగిలింది ఏమీ లేదు. ఏమీ లేనిదానికోసం నా కూతుర్ని బ్రేకులు లేని బండిలో దిగుడు దింపారు. పుస్తకం గోడకేసి కొట్టాను. ఎడమచేత్తో కాబట్టి గోడదాకా పోలేదు.

బండి బాగైంది. బాగుకానిది చిట్టి. బండిని మెట్ల పక్కన పెట్టి, గుడ్డ కప్పి, అటు వెళ్ళడమే మానేసింది. గాలి, ఏసీ అని పైన రాసినవన్నీ ఆ రోజుకి ముందు సంగతులు. పెట్టె పట్టుకుని బస్సుల్లో తిరుగుతోంది. బస్సు ఎక్కి దిగి సందులన్నీ నడిచేసరికి సగం ఇళ్ళే అవుతున్నాయి. ఖాళీ కడుపుతో రక్తం ఇవ్వాల్సిన ముసలివాళ్ళు దీనికోసం ఎదురుచూసి నీరసపడుతున్నారు. ల్యాబు మేడం మంచిదే, అయినా ఎన్నాళ్ళు ఊరుకుంటుంది? "బండి నడపలేకపోతే నీ ఇళ్ళు ఇంకొకరికి ఇచ్చేస్తానమ్మా, లోపల కూర్చునే పనేదైనా చూద్దాం" అందట. లోపల కూర్చోవడం దానికి ఇష్టంలేదు. ఆ ముసలివాళ్ళంటే దానికి ప్రాణం. "పోనీలే అమ్మా" అంటోంది. మన చిట్టి ఎప్పుడైనా పోనీలే అన్న పిల్లేనా?

నిన్న నాకు చెయ్యి చూపించుకునే రోజు. అది ఆటో పిలవడానికి వెళ్ళేలోపు నేనే కారు మీద గుడ్డ లాగేశాను. తలుపు తీసి, దాని సంచిలోంచి ప్లాస్టరు తీసి, పళ్ళతో ముక్క కొరికి, మీటరు మీద మీ అంకె కనబడే చోట అడ్డంగా అంటించాను. పైన ఇంకో ముక్క. చిట్టి వెనక్కొచ్చి చూసి, "ఏంటమ్మా ఇది?" అంది.

"దెబ్బ తగిలిన చోట నువ్వు వేస్తావు కదా, నేనూ వేశాను. ఎక్కు" అన్నాను.

"నావల్ల కాదమ్మా."

"అయితే నేనే నడుపుతాను" అని కట్టుకట్టిన చేత్తో స్టీరింగు పట్టుకోబోయాను. నేను అన్నంతపనీ చేసేదాన్నే. దానికి తెలుసు. నన్ను పక్కకి జరగమని ఎక్కింది.

ఇంజను వేసింది. వేసి కూర్చుంది. గేరు మీద చెయ్యి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి. చెమటలు పడుతుంటే ఏసీ నేనే వేశాను. "పెట్రోలు పోతుందమ్మా" అంది. "పోనీ" అన్నాను. ఎంతసేపు కూర్చున్నామో చెప్పను, చెబితే మీరు లెక్క కడతారు. మీ పెద్ద ఇంజనీరు జీపుకన్నా ఎక్కువసేపే నిలబడింది మన బండి. అది ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాను. తర్వాత మొహం తుడుచుకుని, అద్దం సరిచేసుకుని, మొదటి గేరు వేసింది. ఆసుపత్రిదాకా రెండో గేరు దాటలేదు. వెనకనుంచి అందరూ హారన్లు కొట్టారు, కొట్టనీ. తిరిగొచ్చేటప్పుడు వాటర్ ట్యాంకు దగ్గర బండి పక్కకి తీసి, దిగుడుకేసి కాసేపు చూసింది. ఇంజను ఆపలేదు. గేరులోనే ఉంచి, మెల్లిగా, కాలు బ్రేకు మీద పెట్టుకుని దింపింది. బేకరీవాడు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. ఇంటి ముందు ఆపాక, "రేపు పొద్దున్న ముందు తాతగారింటికి వెళ్తానమ్మా" అంది. ఈ ఉత్తరం రాస్తుంటే అది అక్కడే ఉంది, కారులోనే వెళ్ళింది. ఒక్కర్తే వెళ్ళింది. నా గుండె గుమ్మంలోనే ఉంది, కానీ వెళ్ళనిచ్చాను.

ఇక మీ ఆఖరి ప్రశ్న. లీటరుకి ఇప్పుడు ఎంతిస్తోంది? తెలియదండీ. ప్లాస్టరు ఊడదీస్తే తెలుస్తుంది, మేం ఊడదీయం.

నాకు జవాబు రాయక్కర్లేదు. దానికి రాయండి. అది లారీ కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. బండి మాట, అంకె మాట ఉండకూడదు. ఏం రాయాలో నేను చెప్పను. తండ్రి కూతురికి ఏం రాయాలో కూడా నేనే చెప్పాలా? ఏమీ తోచకపోతే ఖాళీ కాగితం మీద "నాన్న" అని ఒక్క ముక్క రాసి పంపండి. దానికి అదే చాలు. ఇన్నాళ్ళూ ఆ మాత్రం దానికోసమే నడిపింది.

స్వెట్టరు వేసుకోండి.

ఇట్లు,
ఎడమచేత్తో,
మీ ఇంటావిడ